డాక్టరమ్మ గుడ్డ కింద చెప్పిన జోస్యం

మామిడి తోటను పూత మీద కొనడం మా ఇంటి వృత్తి. దామలచెరువు మండీకి కాయ రావడానికి నెలల ముందే, చెట్టు మీద పూత తప్ప ఇంకేమీ లేనప్పుడే తోటంతా ఒకసారి తిరిగి, ఇది ఏ మాత్రం కాస్తుందో చెప్పగలగాలి. మా నాయన చెప్పేవాడు. నేను చెప్తాను. నా తమ్ముడు మునిరత్నం కూడా చెప్తాడు గానీ, నా అంత కాదు. వాడు ఇది చదువుతాడని తెలిసే రాస్తున్నాను.

ఇంత జోస్యం తెలిసినవాణ్ణి, నా గుండె చెడిపోతూ ఉంటే గ్యాస్ అనుకున్నాను. వాము నమిలాను, సోడా తాగాను, పొట్ట మీద తడిగుడ్డ వేసుకున్నాను. మీలో ఎవరికైనా నడిస్తే ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం, సాయంత్రానికి పాదాల వాపు ఉండి, దాన్ని గ్యాస్ అనుకుంటున్నారా? ముందు లేచి వెళ్ళి ఈసీజీ తీయించుకోండి. ఈ కథ ఎక్కడికీ పోదు, వచ్చాక చదవచ్చు.

భాద్రపదం

మొదట చెప్పుల దగ్గర తేడా తెలిసింది. వంగి చెప్పు పట్టీ బిగించుకుని లేచేసరికి కళ్ళు తిరిగేవి. సాయంత్రం చెప్పు విప్పితే పట్టీ ఉన్నచోట పాదం మీద గాడి పడి ఉండేది. తర్వాత పడక దగ్గర మొదలైంది. ఒక దిండుతో పడుకునేవాణ్ణి రెండు అడిగాను, తర్వాత మూడు. చివరికి గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోవడం నేర్చుకున్నాను.

నా భార్య సరోజ ఓపిక గలదే. కానీ ఆమె ఓపికకు ఒక గట్టు ఉంది, అది దాటితే వరదే. ఒక రోజు పొద్దున్నే చేతిలో ఖాళీ దిండు గలీబు పట్టుకుని నా ముందు నిలబడింది.

"ఏమయ్యా, ఇంట్లో దిండ్లు అయిపోయినాయి. పక్కింటోళ్ళని అడిగేదా, ఆస్పత్రికి పోయేదా?"

"గ్యాసేమే. తగ్గిపోతాది."

"గ్యాసయితే కడుపు కదా ఉబ్బల్ల? కాళ్ళెందుకు ఉబ్బతాయి? సూడు, ఏలు పెడితే గుంట పడతాండాది."

ఆమె వేలు పెట్టి నొక్కి చూపించింది. ఆ గుంట చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. అప్పుడు మొదటిసారి నాకు భయం వేసింది. ఆ రోజే తిరుపతి బస్సెక్కాం.

కార్తీకం

తిరుపతిలో ఏ ఆస్పత్రికి పోయినా వరండా నిండా గుండ్లే. కొండ దిగి వచ్చినవాళ్ళు, కొండెక్కబోతూ దార్లో కూలబడినవాళ్ళు, మొక్కు తీర్చుకున్నాక జబ్బు బయటపడినవాళ్ళు. అందరి తలలకూ చందనం. నేనొక్కణ్ణే జుట్టుతో కూర్చుని ఉండటం నాకే తప్పుగా అనిపించింది. పక్కన కడప వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె, తన ఎక్స్‌రే కవరుతో నాకు విసరడం మొదలుపెట్టింది. నాకెందుకమ్మా అంటే, "నాకు ఉక్కపోస్తాండాది నాయనా, నీకూ తగలనీ" అంది. ఆమెకు చెమట లేదు. నాకే ఉంది.

గుండె పెద్దదైపోయిందనీ, బలం తగ్గిపోయిందనీ పరీక్షల్లో తేలింది. మాత్రలు ఇచ్చారు, ఉప్పు తగ్గించమన్నారు, నీళ్ళు కొలిచి తాగమన్నారు. కార్తీకానికి వాపు దిగింది, దిండ్లు మూడు నుంచి రెండయ్యాయి. నేను గెలిచేశానని అనుకున్నాను. డాక్టరమ్మ అనుకోలేదు. ఆమె మా అమ్మాయి వయసుది, పలమనేరు పక్క పల్లె. మాట్లాడేటప్పుడు పుస్తకం భాషే, మధ్యలో మా వైపు మాట ఒకటి జారుతుంది.

"రెడ్డెప్పగారూ, మీ గుండెలో కుడి పక్క ముందు కదులుతోంది. ఎడమ గోడ ఆలస్యంగా కదులుతోంది. రెండూ ఒకేసారి బిగిస్తేనే రక్తం ముందుకు పోతుంది."

"కాయల క్రేటును ఇద్దరు లారీకెత్తేటప్పుడు, ఒకడు ఎత్తినాక రెండోవాడు ఎత్తినట్టా?"

ఆమె కళ్ళు మెరిశాయి. "అచ్చం అంతే. ఇద్దరికీ ఒకేసారి 'ఎత్తండి' అని చెప్పే మిషన్ ఒకటి ఉంది. పేస్‌మేకర్‌లో ఒక రకం. దీంట్లో మూడు తీగలు, ఒకటి ఎడమ గోడకు కూడా పోతుంది."

నాకు ఒళ్ళు పులకరించింది. ఇంత చిన్న సంగతా! కూలీలిద్దరికీ మధ్య మేస్త్రీ లేడు, అంతే కదా! "అయితే పెట్టేయండమ్మా. పనిచేస్తాది గదా?" అన్నాను.

"అది మాత్రం చెప్పలేను."

ఆమె చెప్పిందాంట్లో నాకు అర్థమైనంత చెప్తాను. ఈ మిషన్ పెట్టినవాళ్ళలో కొందరి గుండె మళ్ళీ కుదురుకుంటుంది, సైజు కూడా తగ్గుతుంది. కొందరికి ఏ తేడా ఉండదు. ఎవరు ఏ జాబితాలోకి పోతారో ముందే పట్టుకోవాలని దేశదేశాల డాక్టర్లు తలలు బద్దలు కొట్టుకుంటున్నారట, కంప్యూటర్లకు కూడా నేర్పిస్తున్నారట. నా ఈసీజీ గీతలు చూస్తే పనిచేస్తుందనే అనిపిస్తుంది. కానీ స్కాన్‌లో నా ఎడమ గోడ మీద పాత మచ్చ ఒకటి కనిపించింది. ఎప్పుడో నాకు తెలియకుండానే చిన్న గుండెపోటు వచ్చి పోయిందట. మచ్చ ఉన్నచోట కండ మాట వినదు. తీగ సరిగ్గా ఆ పక్కకే పోవాలి.

నాకు కోపం వచ్చింది. నిజంగా వచ్చింది. "ఏందమ్మా ఇది! నేను ఉత్త కళ్ళతో పూత చూసి కాపు చెప్తాను. పూత కంకి తుంచి అరచేతిలో తడితే ఎన్ని పురుగులు రాలతాయో చూసి, పిందె నిలబడతాదా లేదా చెప్తాను. నీకు గది నిండా మిషన్లుండాయి. ఒక్క గుండెకు జోస్యం చెప్పలేవా?"

సరోజ నా మోచేయి గిల్లింది. డాక్టరమ్మ నవ్వింది. "అంకెలు చెప్పడానికి నాకు ఇబ్బంది లేదు. మీరు వాటినే పట్టుకుని కూర్చుంటారని భయం."

అప్పుడు నాకు తెలిసిన ఒకే ఒక్క దారి పట్టాను. మా వ్యాపారంలో రేటు నోటితో చెప్పం. నలుగురు వింటారు, పోటీకి వస్తారు. భుజం మీది టవల్ తీసి చేతి మీద కప్పుకుంటాం. అవతలివాడు దాని కింద చెయ్యి పెట్టి వేళ్ళు పట్టుకుంటాడు. ఎన్ని వేళ్ళు పట్టుకున్నాడో అదే మాట, అయిదు దాటితే వదిలి మళ్ళీ పట్టుకుంటాడు. పైకి ఎన్ని అబద్ధాలైనా ఆడచ్చు, అమ్మతోడు అని కూడా అబద్ధం ఆడచ్చు. గుడ్డ కింద మాత్రం ఎవడూ అబద్ధం చెప్పడు, చెప్పినవాడితో మళ్ళీ ఎవరూ బేరానికి కూర్చోరు.

నేను టవల్ కప్పుకుని చెయ్యి చాపాను. "పైకి చెప్పలేకపోతే ఇట్ల చెప్పు తల్లీ. పదికి ఎన్ని?"

నర్సు నోరు తెరిచింది. సరోజ తలకొట్టుకుంది. డాక్టరమ్మ ఒక్క క్షణం నా టవల్‌ను చూసింది. "మా తాత ఎద్దుల సంతలో ఇట్లే చేస్తా ఉండె" అంటూ గుడ్డ కింద చెయ్యి పెట్టింది.

నాలుగు వేళ్ళు పట్టుకుంది.

పదికి నాలుగు. అది తోటయితే మొహం కూడా చూడకుండా వెనక్కి తిరిగేవాణ్ణి. కానీ తిరిగి ఎక్కడికి పోను? ఇది పక్క ఊరి తోట కాదు కదా, నా ఎముకల మధ్య ఉంది. ఆమె చెయ్యి తీసేసింది. టవల్ మళ్ళీ భుజం మీద వేసుకుని, ఆలోచించుకుని వస్తామని చెప్పాను.

బస్‌స్టాండులో కూర్చోగానే సరోజ మొదలుపెట్టింది. "ఎంత సెప్పింది?"

"గుడ్డ కింద మాట బయటికి సెప్పకూడదు."

"అయితే నాకూ గుడ్డ కిందనే సెప్పు."

కొంగు తీసి తన చేతి మీద కప్పుకుని నా ముందు చాపింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె మండీ గడప తొక్కలేదు. ఆరు వేళ్ళు పట్టుకుందామా అని ఒక్కసారి మనసు లాగింది. చెయ్యి ఒప్పుకోలేదు. నాలుగే పట్టుకున్నాను. చెయ్యి వెనక్కి తీసుకోబోతే ఆమె వదల్లేదు. నా చేతిని అలాగే బిగించి పట్టుకుని, వచ్చే పోయే బస్సులను చూస్తూ కూర్చుంది.

"నాలుగుండాయి గదా" అంది చివరికి. "సున్నా కాదు గదా. పెట్టిచ్చుకుందాం."

పుష్యం

ఇంట్లో యుద్ధం మునిరత్నంతో వచ్చింది. మా చిత్తూరోళ్ళకు ఒక నమ్మకం, ఏ పెద్ద జబ్బయినా వేలూరు పెద్దాస్పత్రికి పోతే తప్ప జబ్బే కాదు.

"గ్యారంటీ ఇయ్యని డాక్టరు దగ్గర గుండె కోపిచ్చుకుంటాడా ఎవడన్నా? వదినా, నువ్వన్నా సెప్పు. వేలూరుకు పోదాం."

"వేలూరోళ్ళు గ్యారంటీ ఇస్తారా మునిరత్నా?"

"అడగాల గదా!"

"అడగబ్బా. నువ్వు పోయి అడుగు. మీయన్నను మాత్రం నేను తిరుపతికి తీసుకపోతాండా."

వాడు అలిగి రెండు పూటలు మా ఇంట అన్నం తినలేదు. నిజంగానే నా రిపోర్టులు పట్టుకుని వేలూరు పోయి అడిగాడు. వాళ్ళూ అదే మాట చెప్పారట, పెట్టి చూడాల్సిందే అని. వాడు తిరిగొచ్చి, "అక్కడ కాపీ తాగినా, బాగుండాది" అని మాత్రం అన్నాడు.

ఆపరేషన్ గురించి భయపడేవాళ్ళకు చెప్తున్నా. నేను మెలకువగానే ఉన్నాను. ఎడమ భుజం కింద మత్తు సూది. తర్వాత లాగుతున్నట్టు, నెడుతున్నట్టు, ఎవరో చొక్కా జేబులో చెయ్యి పెట్టి వెతుకుతున్నట్టు అనిపించింది. నొప్పి కంటే విసుగే ఎక్కువ. తీగ మచ్చ లేని చోటు కోసం వెతుకుతూ ఉండిపోయింది. డాక్టరమ్మ గొంతులో విసుగు లేదు. "ఇక్కడ కాదు, ఇంకొంచెం పక్కకు" అంటూనే ఉంది. ఒకచోట మిషన్ కొట్టగానే నా డొక్క కింద ఎక్కిళ్ళలాగా టకటకా ఎగిరింది. చెప్పగానే తీగ జరిపింది. కాసేపటికి "ఆఁ!" అంది. ఆ "ఆఁ" నాకు ఎంత నచ్చిందంటే, కదలకూడదని తెలిసీ తల తిప్పి చూడబోయి తిట్లు తిన్నాను.

మరుసటి రోజు మునిరత్నం వార్డుకు వచ్చాడు. చంద్రగిరి పక్క తోట చూసొచ్చాడు, నేను లేకుండా మొదటిసారి. చేతిసంచీలోంచి నీలం రకం మామిడి పూత కంకి ఒకటి తీశాడు. నేను కుడిచేతి అరచేతిలో తట్టి చూశాను. తేనెమంచు పురుగులు నాలుగు మంచం మీదికి గెంతాయి. నర్సు కెవ్వుమంది. ఆ అరుపుకు వార్డంతా లేచింది.

"మందు కొట్టిస్తే నిలబడతాది. తీసుకో" అన్నాను.

"నీకెట్లుండాది అన్నా?"

"నాకూ అంతే అనుకో."

వాడు నవ్వాడు. కళ్ళు తుడుచుకోవడం నేను చూడలేదనుకున్నాడు.

చైత్రం

ఇంటికొచ్చిన కొత్తలో నన్ను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. ఎడమ చెయ్యి పైకెత్తకూడదన్నారు గనక కుడిచేత్తోనే ఊరంతా సైగలు చేస్తూ తిరిగాను. ఒక దిండుతో పడుకున్నాను! పడుకుని ఇంటి కప్పును చూడటం ఎంత సుఖమో, ఊపిరాడని రోజులు చూసినవాళ్ళకే తెలుస్తుంది. నా మిషన్ పనిచేసిందని మండీలో చాటింపు వేశాను. నాలుగు వేళ్ళను ఓడించానని సరోజతో గొప్పలు పోయాను. పూతకే పొంగిపోకూడదని ఊరందరికీ చెప్పేవాణ్ణి నేనే.

పిందె కాయగా మారేసరికి పాదాల మీద మళ్ళీ గాడి పడింది. రెండో దిండు వచ్చింది. ఒక రోజు తోటలో నాలుగు చెట్లు దాటేసరికి నిలబడిపోయాను. గట్టు మీద కూర్చుని, అయిపోయింది, మిగతా ఆరు వేళ్ళ జాబితాలో పడ్డాను అనుకున్నాను. అంత ఏడుపు నాకెప్పుడూ రాలేదు. మళ్ళీ తిరుపతి బస్సెక్కాం.

డాక్టరమ్మ మౌసు లాంటిది ఒకటి నా ఛాతీ మీద పెట్టి, కంప్యూటరులో మిషన్‌ను చదివింది. కనుబొమలు ముడిచింది. "మిషన్ సరిగ్గా పనిచేస్తోంది. తీగ కదల్లేదు. మాత్రలు వేసుకుంటున్నారా?"

"ఒక్కటి వదల్లేదు."

"ఉప్పు?"

"ఇంట్లో సప్పిడి కూడేనమ్మా" అంది సరోజ. "పెరుగన్నంలో కూడా ఎయ్యను."

"బయట?"

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి నాకు తెలియకుండానే చొక్కా జేబు మీదికి పోయింది. సరోజ ఆ చేతిని చూసింది. లాగి జేబు తిరగేసింది. బల్ల మీద ఒక చిన్న చాకు, ఒక కాగితం పొట్లం పడ్డాయి. పొట్లంలో ఉప్పూ కారమూ.

ఇది మా వ్యాపారంలో ఉన్నవాళ్ళకే అర్థమవుతుంది. ఊరగాయ కాయ తయారయ్యే కాలంలో తోటకు పోతే, ఒక కాయ కోసి, ఉప్పు కారం అద్దుకుని, పులుపు ఎంతుందో, పీచు ఎంతుందో చూడాలి. రోజుకు ఎన్ని తోటలో అన్ని కాయలు. చిన్నప్పటి నుంచి అది నాకు తిండి కాదు, పని. దేవుడి మీద ఒట్టు, అది ఉప్పు తినడం కిందికి వస్తుందని నాకు తట్టనే లేదు.

"రెడ్డెప్పగారూ" అంది డాక్టరమ్మ మెల్లగా, "మీ గుండె బాగుపడాలని చూస్తా ఉంటే, మీరు దాని మీద ఉప్పు మూట పెడతా ఉండారు."

సరోజ మెల్లగా అనలేదు. ఆమె అన్నవి ఇక్కడ రాయడానికి వీల్లేదు. పక్క గదిలోంచి ఒకాయన తొంగిచూసి పోయాడు. నాకు మాత్రం సిగ్గుతో పాటు సంతోషం తన్నుకొచ్చింది. తప్పు మిషన్‌ది కాదు! మచ్చది కాదు! నా నాలుకది! నాలుకనైతే కట్టేయచ్చు. వాపు దిగడానికి మాత్ర పెంచి, కంప్యూటరులోనే రెండు గోడల మధ్య సమయం ఒక పిసరు మార్చి, వానలు పడ్డాక రమ్మంది. అప్పుడు గానీ అసలు సంగతి తేలదంది. అప్పటి నుంచి కాయ రుచి చూసే పని మునిరత్నానిది. వాడికి పులుపు తెలియదు, అయినా తప్పదు.

ఆషాఢం

ఎకో గదిలో పక్కకు తిరిగి పడుకున్నాను. ఛాతీ మీద చల్లటి జిగురు పూశారు. తెర నాకు కనపడదు, డాక్టరమ్మ మొహం మాత్రం కనపడుతుంది. ఇన్నేళ్ళలో ఎంతోమంది రైతుల మొహాలు చదివాను. ఆ మొహం చదవలేకపోయాను. ఆమె చూసింది, కొలిచింది, మళ్ళీ కొలిచింది. పాత రిపోర్టు తెప్పించి పక్కన పెట్టుకుంది.

తర్వాత తెరను నా వైపు తిప్పింది.

"చూడండి. రెండు గోడలూ."

నలుపూ తెలుపూ పొగలో రెండు గోడలు ఒకేసారి దగ్గరికి వచ్చాయి, ఒకేసారి దూరం జరిగాయి. మళ్ళీ వచ్చాయి. నాకు పెద్ద చదువు లేదు, బొమ్మ చదవడం అసలే రాదు. అది మాత్రం పసిబిడ్డకైనా తెలుస్తుంది. "సైజు బాగా తగ్గింది. నేను అనుకున్నదాని కంటే బాగుంది" అంది. "మా లెక్క తప్పినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది." సరోజను లోపలికి పిలిచి మళ్ళీ చూపించింది. సరోజ తెరకు దండం పెట్టింది.

బయటికి వస్తుంటే వరండాలో ఒకాయన నన్ను ఆపాడు. తడ అనే ఊరి నుంచి వచ్చాడట. నా వయసే. బెంచీ మీద ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆన్చి ఊపిరి తీసుకుంటున్నాడు. ఆ కూర్చోవడం నాకు తెలుసు. పక్కనే ఆయన భార్య.

"అన్నా, మీకు పెట్టింది మూడు తీగల మిషనేనా? నాకూ అదే అంటా ఉండారు. పనిచేస్తాదో లేదో సెప్పలేమంటారు. మీకు పనిచేసిందా?"

"చేసిందప్పా."

"నాకు చేస్తాదా?"

ఆయన భార్య నా నోటి వైపే చూస్తోంది. ఎన్ని తోటలకు చెప్పానో లెక్కలేదు, కాస్తుంది, కాయదు అని. ఎవరు అడిగినా తడుముకోకుండా చెప్పాను. ఈయనకు చేస్తుందని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ గుండెలో ఏ మచ్చ ఎక్కడుందో నాకేం తెలుసు?

"తెలీదప్పా" అన్నాను. "నాకు సగం కూడా సెప్పలేదు. అయినా పెట్టిచ్చుకున్నా. నీకెట్లయితాదో నాకు తెలీదు. నాకెట్లయిందో మాత్రం సూపిస్తా, సూడు."

వరండా చివర మేడ మెట్లున్నాయి. పంచె పైకి కట్టి ఎక్కడం మొదలుపెట్టాను. సరోజ వెనక నుంచి "ఏమయ్యా, యాడికి! పిచ్చి పట్టిందా!" అని అరుస్తూనే ఉంది. వరండాలోని గుండ్లన్నీ నా వైపు తిరిగాయి. నేను ఆగలేదు. పిట్టగోడ పట్టుకోలేదు. మలుపు తిరిగాను, మళ్ళీ ఎక్కాను, పైకి చేరి కిందికి చూశాను. తడ ఆయన బెంచీ మీంచి లేచి, భార్య భుజం పట్టుకుని, మొహం ఎత్తి నన్నే చూస్తున్నాడు.

భుజం మీది టవల్ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

"ఏమయింది? ఆయాసమా?" సరోజ కింద నుంచి కేకేసింది. ఆమె గొంతులో భయం.

"లేదుమే. ఏడుపొస్తాండాది."

"ఏడ్సు" అంది సరోజ. "ఏడ్సేదానికి ఊపిరుండాది గదా, బాగా ఏడ్సు."